బంతి మీద కన్ను

మా అన్న దగ్గర గోల్ఫ్ నేర్చుకున్నన్నాళ్లూ నేను విన్నది ఒకటే మాట. బంతి వంకరగా పోతే "తల లేపినవ్." నేల మీద పాకితే "తల లేపినవ్." అసలు తగలకపోతే ఇక చెప్పేదేముంది, "తల లేపినవ్ చెల్లె, బంతి మీద కన్ను లేదు."

ఇబ్రహీంపట్నం శివారులో ఒకాయన తన చెలక చుట్టూ వల కట్టి ప్రాక్టీసు మైదానం చేశాడు. అన్నకు ఉద్యోగంలో ఉన్నప్పుడు అంటుకున్న ఆట ఇది. రిటైరయ్యాక పొద్దున్నే నన్నూ లాక్కుపోయేవాడు. అక్కడికి వచ్చేవాళ్లందరిదీ ఇదే పాట. ఎవరి దెబ్బ చెడినా తప్పు తలదే. బడిలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, కారణం చూపించకుండా తప్పు పట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నా స్వింగును ఫోన్లో వీడియో తీయించి అన్న ముందు పెట్టాను. తల ఉన్నచోటే ఉంది. బరువు మాత్రం కుడికాలి మీదే ఆగిపోయింది, ఎడమకాలి మీదికి రాలేదు. అందుకే కర్ర బంతికన్నా ముందు నేలను గీరింది.

"వీడియోల గట్లనే కనవడ్తది" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

నవ్వుకుని వదిలేశాను. ఆటలో ఒక అపోహ ఉంటే ఎవరి సొమ్మేం పోయింది అనుకున్నాను.

పోయిన వానాకాలం తర్వాత అన్న చూపు దెబ్బతింది. పక్కచూపు ఉంటుంది, నడిమి చూపు పోతోంది, పోయింది తిరిగి రాదు అని హయత్‌నగర్‌లో కంటి డాక్టరమ్మ చెప్పింది. అంటే దేన్ని చూడబోతే అదే కనపడదు. అన్న ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా తిరుగుతాడు. బంతి వైపు చూస్తే మాత్రం అక్కడ బంతి ఉండదు.

కర్రల సంచి మంచం కిందికి తోసేశాడు. "కన్నే లేనంక ఇంక ఆటేంది" అన్నాడు. తర్వాత గడప దాటడం మానేశాడు. నేను వెళ్తే గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మా అన్న నాకు దక్కకుండా పోతాడేమోనని భయం పట్టుకుంది. ఆయన్ని అలా మూలన కూర్చోబెట్టడంలో జబ్బుది సగం పాలు. మిగతా సగం, బంతి మీద కన్నుండాలని ఇన్నాళ్లూ ఆయన అందరికీ పంచిన ఆ మాటదే.

ఒకరోజు సంచి నేనే బయటికి లాగాను.

"ఒక్క బంతి కొట్టు అన్నా. తప్పితే మల్ల అడుగ."

"పిచ్చి లేసిందా నీకు?"

"అవ్, లేసింది. నడువ్."

మైదానంలో బంతిని చాప మీద పెట్టి, కర్రను దాని వెనక ఆనించి, అన్న పాదాలు నేనే సరిచేశాను.

చాలాసేపు కిందికే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కర్ర లేచింది, దిగింది. టక్కుమని గట్టి చప్పుడైంది. బంతి కుడికి వంగుతూ పోయి వలకు తగిలింది.

అన్న ఇంకా తల వంచుకునే ఉన్నాడు.

"తల లేపు అన్నా. బంతి పోయింది."

"ఏడికి?"

"కుడిదిక్కు. వలకు తాకింది."

అన్న కర్రను నేలకు ఆనించాడు.

"నేను తల లేపిన్నా?"

"లేపలే. బరువు కుడికాలు మీదనే ఉండె."

అప్పుడు వీడియో చూపించినా చెవిన పెట్టని మాట అది. ఈసారీ కొట్టిపారేస్తాడనుకున్నాను. అన్న ఎడమకాలిని నేలకు గట్టిగా ఒత్తి చూసుకున్నాడు.

"ఇంకోటి వెట్టు" అన్నాడు.