ఫారినక్క

విద్యార్థులను ఏడాదిపాటు పరదేశపు చదువుకు పంపే ఆ కార్యాలయంలో ఆమె బల్ల గుమ్మానికి ఎదురుగా ఉంటుంది. పన్నెండేళ్ళ క్రితం తానూ అలాగే వెళ్ళి, చెప్పిన తేదీకి తిరిగివచ్చిన మనిషి కనుక, బెంగపడే తల్లిదండ్రులకు చూపడానికి ఆమెను మించిన సాక్ష్యం అక్కడ లేదు. పిల్లలు ఆమెను “ఫారినక్కా” అని పిలుస్తారు. దళసరి ఉన్ని కోటును పెట్టెలో ఎలా ఇమడ్చాలో వారికి గాలిలోనే మడిచి చూపుతుంది. అప్పుడు మాత్రం ఆమె వేళ్ళకు ఎక్కడలేని చురుకూ వస్తుంది. ఈసారి పిల్లల వెంట పర్యవేక్షకురాలిగా వెళ్ళడానికి ఆమె కూడా అర్జీ పెట్టుకుంది. అది పక్కబల్ల దగ్గర కూర్చునే పెద్దసారు సంతకం కోసం వేచి ఉంది.

ఆనాడు ఒక తండ్రి అనుమతిపత్రం మీద కలం ఆనించి ఆగిపోయాడు. పక్కన కూతురు ఆ కలం మొననే చూస్తోంది.

“ఒక్కటి చెప్పమ్మా. అక్కడి గాలి తగిలాక మళ్ళీ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా నీకు? అనిపించిందంటే మాత్రం మా పిల్లని పంపను.”

పెద్దసారు తలెత్తాడు. ఆమె ఆ చూపును గమనించింది. పిల్ల ముఖాన్నీ చూసింది.

“అబ్బే, ఒక్కనాడూ లేదు బాబాయిగారూ! ఎప్పుడెప్పుడు ఇల్లు చేరతానా అనుకున్నా.”

ఆ తండ్రి అనుమతిపత్రం మీద సంతకం చేశాడు. తండ్రీకూతుళ్ళు మెట్లు దిగాక పెద్దసారు ఆమె అర్జీని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ! అందరూ పెడుతున్నారని నువ్వూ పెట్టావన్నమాట. ఇంకొకరిని చూస్తాలే.”

అంతలో గుమ్మంలోంచి ఎవరో తల్లి తొంగిచూసింది.

“వెళ్ళొచ్చిన అమ్మాయివి నువ్వేనామ్మా?”

“నేనేనండీ. రండి, కూర్చోండి” అంది ఆమె.