చేపల పేర్లకు ఓట్లు

గాజువాక చేపల మార్కెట్లో ఒక ఆదివారం కానాగంతల కుప్ప ముందు నిలబడి, "ఈ కవళ్ళు తాజావేనా?" అని అడిగాను. తట్ట వెనక కూర్చున్న ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కవళ్ళేటి బాబూ? కానాగంతలివి. ఏ ఊరు మీది?"

శ్రీకాకుళం వైపు పల్లె అని చెప్పాను.

"అదీ సంగతి. సెరువు సేపలు తిన్నోడివి. సముద్రం సేప నీకేటి తెలుస్తాది?" అని నవ్వి, చుట్టుపక్కల తట్టల్లోంచి ఒక్కో చేపనూ తోక పట్టి ఎత్తి పేర్లు చెప్పుకుంటూ పోయింది. పార, గులివింద, మాగ, కోనెం. జేబులో ఉన్న మందుల చీటీ వెనక నేను రాసుకున్నాను. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మాటల మధ్య చుట్టను వెలిగిన కొస లోపలికి ఉండేలా నోట్లో పెట్టుకునేది. తీరం ఊళ్ళలో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాలుస్తారు. గాలికి ఆరిపోదని చెప్పింది.

నేను ఉక్కునగరంలో క్వార్టర్స్‌లో ఉండేవాణ్ణి. ఇంటి మెట్ల మీద జారి నడుం దెబ్బతిన్నాక స్టీల్ ప్లాంటులో నన్ను కొలిమి పని నుంచి ఆఫీసు గదికి మార్చారు. సాయంత్రాలన్నీ ఖాళీ. మంచం మీద బోర్లా పడుకుని, ఫోన్లో వీడియోలు చూస్తూ వెబ్‌సైటు తయారుచేయడం నేర్చుకుంటున్నాను. దేని గురించి చేయాలో తెలియలేదు. ఆ మందుల చీటీతో తెలిసింది. మన తీరంలో దొరికే ప్రతి చేపకీ ఫోటో, దాని కింద ఇక్కడి వాళ్ళు పిలిచే పేరు. అంతే.

నాకు దొరికిన పేర్లన్నీ ఎక్కించాక నలభై పేజీలు కూడా కాలేదు. "మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు? రాయండి" అని ప్రతి పేజీ కిందా ఒక పెట్టె పెట్టాను. నెలల తరబడి ఆ పెట్టెలో ఎవరూ ఏమీ రాయలేదు. రోజూ తెరిచి చూసేది నేనొక్కణ్ణే. చివరికి మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళి ఆవిణ్ణే అడిగాను. అప్పటికి ఆవిణ్ణి మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలవడం అలవాటయింది.

"నాకు రాత రాదు బాబూ. నోటితో అయితే సెప్తాను," అంది.

ఆవిడది కొండ అవతల సముద్రపొడ్డు ఊరు, యారాడ. కూతురు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఆ అమ్మాయే తల్లికి ఫోను కొనిచ్చి, మైకు బొమ్మ నొక్కి ఎలా మాట్లాడాలో నేర్పింది. అప్పట్నుంచి పొద్దున్నే తెప్పలు ఒడ్డుకి చేరే వేళ నాకు వాయిస్ మెసేజ్‌లు వచ్చేవి. వెనక కెరటాల చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం, మధ్యలో ఆవిడ గొంతు.

"బాబూ, ఇయ్యాల పారలు పడ్డాయి. పొట్ట సూడు, పసుపు తిరిగున్నాది. ఇలాగున్నపుడు దీన్ని ఒట్టి పార అనం. పసుపు పార. గుడ్డు మీదున్నాదన్నమాట. మా నాన్న ఇలాటివి పడితే సగం తిరిగి సముద్రంలోకి ఇసిరేసేవోడు. దచ్చిన గాలి కొట్టిన ఏడు ఆడు పోనాడు..."

ఒకే చేపకి ఆవిడ దగ్గర మూడు నాలుగు పేర్లుండేవి. పిల్లగా ఉన్నప్పుడు ఒకటి, గుడ్డు పట్టాక ఒకటి, చలి నీళ్ళలో దొరికితే ఒకటి. నేను కూర్చుని పేరున్న ముక్క మాత్రం ఉంచి, ముందూ వెనకా ఉన్న నాన్న సంగతీ గాలి సంగతీ కత్తిరించి, ఆవిడ గొంతుతోనే సైట్లోకి ఎక్కించేవాణ్ణి. అప్పటికి అవి నాకు చెత్తలా కనిపించాయి.

ఆవిడ గొంతు వల్లే సైటు నలుగురి కంట్లో పడింది. చేపలంటే ఇష్టమున్న ఎవరో ఆ లింకును వాట్సాప్ గ్రూపుల్లో పంచుకున్నారు. భీమిలి నుంచి, కాకినాడ నుంచి, పడవల మీద పనిచేసే కుర్రవాళ్ళ దగ్గర్నుంచి ఫోటోలు రావడం మొదలైంది. పళ్ళు తోముకోకముందే ఫోను తెరిచి రాత్రి ఎందరు చేరారో చూసుకునేవాణ్ణి. ఎక్కువ పేర్లు ఇచ్చినవాళ్ళ ప్రొఫైల్ పక్కన చుక్కాని బొమ్మ పెట్టాను. ఆ బొమ్మ కోసం జనం పోటీపడ్డారు. నా బతుకులో నేను మొదలుపెట్టినదాన్ని పదిమంది కావాలనుకోవడం అదే మొదటిసారి.

అప్పుడే మాస్టారు వచ్చారు. రిటైరైన జంతుశాస్త్రం లెక్చరరు. సైట్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. ప్రతి పేజీలో శాస్త్రీయ నామం రాశారు, తప్పు ఫోటోలు తీయించారు, కొత్తవాళ్ళకి ఓపిగ్గా నేర్పారు. పైసా ఆశించలేదు. ఒకరోజు ఫోన్ చేసి చెప్పారు.

"ఒక చేపకి ఐదు పేర్లుంటే అది నిఘంటువు కాదండీ, సంత. ఓటింగ్ పెట్టండి. ఎక్కువమంది ఒప్పుకున్న పేరే ఉంటుంది. మిగతావి పోతాయి."

నాకు సబబుగానే తోచింది. వారం కూర్చుని పని పూర్తిచేశాను. ప్రతి పేరు పక్కనా రెండు బటన్లు, సరైనది, తప్పు. తప్పులు ఎక్కువైతే ఆ పేరు పేజీలోంచి మాయమైపోతుంది.

మొదట మాయమైనవి ఆవిడ పేర్లే. పసుపు పారను ఒక్క యారాడలో తప్ప ఎవరూ వినలేదు. వినని పేరు తప్పే కదా. ఒక్కొక్కటిగా రాలిపోయాయి. ఆవిడ గొంతు ఉన్న చోట కామెంట్లు వచ్చాయి. "ఈవిడ ముందు 'చ' పలకడం నేర్చుకోవాలి" అని ఒకతను రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా. నేను చదివాను. తీసేసే బటన్ మీద వేలు పెట్టాను కూడా. ఆ రాసినవాడు మాకు ఫోటోలు ఎక్కువగా పంపేవాళ్ళలో ఒకడు. వాడు కోపం తెచ్చుకుంటే వాడి స్నేహితులూ పోతారు. వేలు వెనక్కి తీసుకున్నాను.

ఆ వారం మార్కెట్‌కి వెళ్తే ఆవిడ తలెత్తలేదు. చేప పొలుసు గీకుతూనే అడిగింది.

"బాబూ, నాను సెప్పిందంతా తప్పంటన్నారంట గదా? మా గుంట సదివి సెప్పింది."

"తప్పని కాదప్పా. అది ఓట్ల పద్ధతి. ఎక్కువమంది ఏది అంటే..."

"సేపకి ఓట్లేటి బాబూ?"

నేను ఏదో చెప్పాను. సైటు పెద్దదవుతోందనీ, అందరికీ ఒకే రూలు ఉండాలనీ. ఆవిడ విని, కత్తిపీట కడుక్కుని, "సరే. తెలిసినోళ్ళే సెప్పుకోండి," అంది. కోపంగా కాదు. తర్వాత వచ్చిన మనిషి వైపు తిరిగింది.

పొద్దున్న మెసేజ్‌లు ఆగిపోయాయి. మొదటి వారం గమనించాను. ఆ తర్వాత అలవాటైపోయింది. ఎండాకాలంలో సర్వరు నిండిపోయిందని హెచ్చరిక వచ్చినప్పుడు ఏ ఫైళ్ళు బరువుగా ఉన్నాయో చూశాను. ఆడియోలు. ఎవరూ వినడంలేదు. పేజీలోంచి ఎప్పుడో పోయిన పేర్లవి. అన్నిటినీ ఎంచుకుని ఒక్కసారిగా తీసేశాను. టీ తాగుతూ చేసిన పని అది. ఆ ఏడే నా పాత ఫోను ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. మెసేజ్‌లు దాంతోనే పోయాయి.

ఆ చలికాలం మార్కెట్‌కి వెళ్తే ఆవిడ చోట వేరే మనిషి కూర్చుని ఉంది. అడిగితే, "ఆ యమ్మకి నోట్లో పుండు లేచినాది. పెద్దాసుపత్రికి తిప్పుతన్నారు," అంది. చుట్ట వల్లేనా అని అడిగాను. "మరింకేటి?" అంది. వెళ్ళి చూడాలనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలో తెలియక వెళ్ళలేదు.

రెండు నెలలకి కూతురు ఫోన్ చేసింది.

"సార్, అమ్మకి ఆపరేషన్ అయినాది. అంగిలి తీసేసినారు. ఇంక మాట రాదంట. మీ సైట్లో అమ్మ గొంతున్నాది గదా సార్. అదొకటి పంపిస్తారేటి? అమ్మ ఫోను నీళ్ళలో పడి పాడైపోనాది. నా ఫోన్లో అమ్మ మాటలేవీ లేవు. రోజూ ఇంట్లో ఉండేదే గదా, దాసుకోవాలని తోచలేదు."

"చూసి పంపిస్తానమ్మా," అన్నాను. లేవని చెప్పడానికి నోరు రాలేదు.

సర్వరు కంపెనీకి రాశాను. తీసేసిన ఫైళ్ళు తమ దగ్గర ఉండవని జవాబొచ్చింది. ఇంట్లో పాత పెన్‌డ్రైవ్‌లన్నీ తీశాను. ఆఫీసు కంప్యూటర్లో వెతికాను. నాలుగో రోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "లేదని చెప్పేయండి. ఆ పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది," అంది. చెప్పలేదు. మాస్టారికి ఫోన్ చేశాను.

"ఒకటుంది నా దగ్గర," అన్నారాయన. "ఆవిడ చెప్పేది తప్పని చర్చలో చూపించడానికి దాచాను. ఎందుకండీ ఇప్పుడు?"

సంగతి చెప్పాను. "ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదండీ," అన్నారు. ఐదు నిమిషాల్లో ఫైలు పంపారు.

పదకొండు సెకన్లుంది. "ఇది సావిడాయి కాదు బాబూ. మూతి సూడు. సావిడాయి మూతి ఇలాగుంటాదేటి?" అని, నవ్వబోతుండగా ఆగిపోతుంది. అక్కడ కత్తిరించింది నేనే.

కొండ దాటి యారాడ వెళ్ళాను. ఆవిడ చాప మీద, గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక బుగ్గ పూర్తిగా లోపలికి పోయింది. మూతికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి తల ఊపింది. కూతురు ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టి వినిపించింది. మళ్ళీ అని వేలితో సైగ చేసింది. మూడోసారి విన్నాక కూతురు నావైపు తిరిగింది.

"ఇంతేనా సార్?"

"ఇంతేనమ్మా. మిగతావి నేనే తీసేశాను."

"ఎందుకూ?"

"సర్వర్లో చోటు లేక."

ఆ అమ్మాయి తల్లిని చూసింది. ఎముకల మీద చీర చుట్టినట్టున్న మనిషిని.

"అంత సోటు తినేసిందేటి సార్, మా యమ్మ?"

ఆవిడ చెయ్యి చాచి కూతురి మోకాలి మీద తట్టింది, ఊరుకోమన్నట్టు. నన్ను క్షమించిందనుకోలేదు. ఇంటికొచ్చిన మనిషిని ఏమీ అనకూడదనుకుందేమో. కూతురు లేచి వెళ్ళి టీ తెచ్చింది. తాగాను.

వానలు మొదలవకముందే ఆవిడ పోయింది. కబురు తెలిసి వెళ్ళాను. ఇసకలో మగవాళ్ళ మధ్య నిలబడ్డాను. నేనెవరో అక్కడెవరికీ తెలియదు. ఒక పెద్దాయన మాత్రం, "నువ్వు కంపెనీ మనిషివా?" అని అడిగాడు. కూతురు పనిచేసే చోటి నుంచి వచ్చాననుకున్నాడు. కాదన్నాను. నేనెవరో మాత్రం చెప్పలేకపోయాను.

ఆ నెల్లోనే ఓటింగ్ తీసేశాను. ఆవిడ పేర్లలో గుర్తున్నవి తిరిగి పెట్టాను, జరిగింది మొదటి పేజీలో రాశాను. చాలామందికి నచ్చలేదు. ఇష్టం వచ్చినట్టు మార్చడానికి ఇది మీ ఒక్కరిది కాదని రాశారు. అదీ నిజమే. కొందరు వెళ్ళి వేరే సైటు పెట్టుకున్నారు. మా ఫోటోలూ పేర్లూ అన్నీ అక్కడున్నాయి. ఓట్లలో నెగ్గినవి మాత్రమే. జనం అదే చూస్తున్నారు. మాస్టారు అటూ వెళ్ళలేదు, ఇటూ రాయలేదు. నా సైటుకి ఇప్పుడు వారానికి ఒకటో రెండో ఫోటోలు వస్తాయి. ఒక్కో వారం అదీ ఉండదు.

మొన్న పూడిమడక వైపు నుంచి ఒకతను ఒక ఫోటో పంపి, దీని పేరేమిటండీ అని అడిగాడు. వీపు మీద నల్లటి చారలున్న చిన్న చేప. చూడగానే ఆవిడ దీని గురించి చెప్పిందని గుర్తొచ్చింది. ఏ గాలికి వస్తుందో, ఎలా వండాలో కూడా చెప్పింది. పేరు మాత్రం ఎంత గింజుకున్నా రాలేదు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, ఫోను పట్టుకుని యారాడ ఒడ్డుకి వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళకి చూపించాను. ఒకామె ఒక పేరు చెప్పింది. రెండో ఆమె, "నీ మొకం, అదెందుకవుతాది?" అని ఇంకో పేరు చెప్పింది. ఇద్దరూ చాలాసేపు వాదులాడుకున్నారు. నేను వాళ్ళ పక్కన ఇసకలో కూర్చుని, మొత్తం రికార్డు చేసుకున్నాను. ఏదీ కత్తిరించకుండా రెండు పేర్లూ ఎక్కించాను. ఆవిడ చెప్పింది వాటిలో ఒకటో, మరొకటో నాకు తెలియదు.