పెద్దమ్మకు చేతకాని వంకర

మా పెద్దమ్మకి వంకర కంటబడితే ఊపిరాడదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ముందు ఆయన గోడమీది క్యాలెండరు సరిచేసి, ఆ తర్వాతే నాలుక చాపుతుంది. మగ్గం ముందే జుట్టు నెరిసిన ఇలాంటి మనిషికి పిల్లలకు నేత నేర్పే పని అప్పజెప్పారు. ఆ ఆలోచన ఎవరిదోగాని, వాళ్ళకో దండం.

బడి వెనకవైపు గదిలో క్లాసు. పిల్లలకి తలా ఒక చెక్క చట్రం, దాని మేకులకు బిగించిన నిలువు పోగులు, ఒక పెద్ద సూది. అడ్డపోగును ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి పోనివ్వాలి. చేతులు అలసిపోతే చరిత్ర. మనుషులు ముందు బుట్టలల్లారట, తర్వాత చాపలు, నూలు వడకడం తెలిశాక గుడ్డలు. యంత్రాల దాకా వచ్చేసరికి పెద్దమ్మ గొంతు లేచేది. యంత్రం గుడ్డలన్నీ ఒక్కలాగే ఉంటాయని, చేత్తో నేసిన గుడ్డలో మాత్రం నేసిన మనిషి కనిపిస్తుందని బల్ల గుద్ది చెప్పేది.

చెప్పడం వరకే. పిల్లలు ఇళ్ళకు వెళ్ళగానే ఆ చట్రాలన్నీ ముందేసుకుని, వంకరలు విప్పేసి, తనే తిన్నగా నేసేది. ఇదేం పని పెద్దమ్మా అంటే, "చూస్తూ ఊరుకోవడానికి నాకేం చేతుల్లేవా?" అని నామీదే ఎగిరేది. ఆవిడ భయం నాకు తెలుసు. తల్లిదండ్రులు చూడటానికి వచ్చే రోజున పనితనం కనబడకపోతే, ఆ గదిలో విరిగిన బల్లలు వేసుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పేసింది. క్లాసు పోతే పెద్దమ్మకి పొద్దుపోదు. ఆవిడకి పొద్దుపోకపోతే మా ఇంట్లో ఏ క్యాలెండరుకీ మనశ్శాంతి ఉండదు.

ఆ రోజు రానే వచ్చింది. చట్రాలను గోడకు వరసగా తగిలించాం. అంచులన్నీ గీత గీసినట్టున్నాయి. హెడ్‌మిస్ట్రెస్ మురిసిపోతుండగా, ఎప్పుడూ ముక్కు ఎగబీల్చే ఒక పిల్ల తన పేరున్న చట్రం ముందు నిలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఇది నాది కాదు టీచర్. నాది మధ్యలో సన్నగా ఉంటుంది. ఎర్ర నూలు అయిపోతుందేమోనని అక్కడ గట్టిగా లాగాను. చేత్తో నేస్తే మనిషి కనిపిస్తుందన్నారు కదా. ఇందులో నేను లేను."

మిగతా పిల్లలు కూడా తమ చట్రాల దగ్గరికి పరిగెత్తారు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. "నేనే విప్పి నేశానమ్మా" అని అందరిముందూ ఒప్పేసుకుంది. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, గుడ్డను సగం దాకా విప్పి, మళ్ళీ సన్నగా నేయబోయింది.

వస్తేగా! పోగు లాగీ లాగకముందే ఆవిడ వేళ్ళు వాటంతటవే సర్దేస్తున్నాయి. విప్పి మళ్ళీ నేసింది. మళ్ళీ తిన్నగానే వచ్చింది. పెద్దవాళ్ళు నవ్వడం మొదలెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వాపుకోలేక, సోమవారం క్లాసు ఈ పిల్ల చేత చెప్పిద్దామా అని అడిగింది. అంటే క్లాసు ఉన్నట్టే. పెద్దమ్మకి ఆ మాట చెవిన పడనేలేదు.

పిల్ల ముక్కు తుడుచుకుని ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"అలా కాదు టీచర్. అయిపోతుందేమోనని భయపడుతూ లాగాలి."

పెద్దమ్మ ఒకసారి తలెత్తి ఆ గదంతా చూసుకుంది. తర్వాత పోగు లాగింది. ఈసారి గుడ్డ మధ్యలో సన్నబడింది.