మా హాల్లో ఆగిపోయిన కల్యాణం

ముహూర్తం వేళకు దేవుడి పెళ్ళి ఆపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, అది నేనే. కోదండరాముడి కల్యాణం ఒంటిమిట్టలో నిక్షేపంగా జరిగింది. కమలాపురంలో, మా హాల్లో మాత్రం ఆగిపోయింది.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. ఫోనులో నాలుగు వీడియోలు చూసి, టీవీలు, స్పీకర్లు, లైట్ల సంగతి నాకు తెలిసినట్టు కడప జిల్లాలో ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్ముతున్న రోజులు. ఆ నమ్మకం మా ఇంట్లో నాకొక్కడికే ఉండేది.

మా అవ్వ కోడలిగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడాది కూడా ఒంటిమిట్ట కల్యాణం తప్పలేదు. ఆ రోజంతా ఉపవాసం. మాంగల్యధారణ కళ్ళారా చూసి, అక్షింతలు వేశాకే ముద్ద ముట్టేది. ఆ ఏడు మోకాలి ఆపరేషన్ అయింది. బస్సెక్కితే ఒప్పుకోనన్నాడు డాక్టరు. అవ్వ రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏడవాకవ్వా. ఒంటిమిట్టను మన హాల్లోకే తెస్తా సూడు" అన్నాను.

"పాల ప్యాకెట్ తెమ్మంటేనే మర్సిపోతావు, గుడిని తెస్తావా?" అంది అవ్వ. కానీ ఇటు తిరిగింది.

ఇక చూడండి నా ప్రతాపం! సగం గోడను మింగే టీవీ, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు. వెన్నెల్లో జరిగే కల్యాణం కదా, లైట్లకు వెన్నెల రంగు. అన్నిటినీ మంచం కింద ఒకే బోర్డుకు తగిలించి, ఆ బోర్డును వైఫైతో పనిచేసే ప్లగ్గుకు పెట్టాను. అంతటితో ఊరుకుంటే మీకు ఈ కథ ఉండేది కాదు. కరెంటు వృథా కాకూడదని పైన మూలలో నిమ్మకాయంత సెన్సరు ఒకటి బిగించాను. మనుషులు కదులుతుంటే అన్నీ వెలుగుతాయి. ఐదు నిమిషాలు ఎవరూ కదలకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని, ఆ ప్లగ్గుకు చెప్పి అన్నిటినీ ఆపేస్తుంది. క్రికెట్ మ్యాచ్ పెట్టి పరీక్షించాను. మా ఇంట్లో క్రికెట్ చూస్తూ ఐదు సెకన్లు కూడా ఎవరూ కుదురుగా ఉండరు. సెన్సరు బ్రహ్మాండంగా పాసైంది.

కల్యాణం రోజు సాయంత్రం అవ్వ పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో అక్షింతల పళ్ళెంతో కుర్చీలో కూర్చుంది. పక్కన తాత. చుట్టూ బంధువులు పదిమంది. మేళం మొదలవగానే అవ్వ గబుక్కున వెనక్కి తిరిగింది.

"యాడరా వాయిస్తాండేది? వాకిట్లోకి ఎవురొచ్చిరి?"

"స్పీకరవ్వా! గుళ్ళో కూసున్నట్టే ఉంటాది."

"శానా బాగుండాది రా నాయనా" అంది అవ్వ. ఆ ఒక్క మాటకు నా ఛాతీ ఆ టీవీ అంత వెడల్పయింది.

ముహూర్తం దగ్గరపడింది. టీవీలో అయ్యవారు మంగళసూత్రాలు చేతిలోకి తీసుకుని అందరికీ చూపిస్తున్నారు. అవ్వ గుప్పిట్లో అక్షింతలు బిగించి రెప్ప వేయడం మానేసింది. అందరూ చేతులు జోడించి శిలల్లా కూర్చున్నారు. మధ్యలో మా తాత ఒకసారి కాలు చాపబోతే, "కదలాకు తాతా! భక్తిగా ఉండు" అని గద్దించిన మహానుభావుణ్ణి నేనే.

మూలన ఉన్న సెన్సరు మా భక్తిని చూసింది. ఇంట్లో ఎవరూ లేరని తీర్పు చెప్పింది. టక్!

టీవీ పోయింది, మేళం పోయింది, వెన్నెల పోయింది. ఫ్యాను మాత్రం నెత్తిమీద హాయిగా తిరుగుతోంది.

"కరెంటు పాయనా?" అంది అవ్వ చీకట్లో.

"లేదవ్వా! అందరూ చేతులూపండి! ఊపండి!"

పన్నెండుమంది చీకట్లో బస్సు ఆపుతున్నట్టు చేతులూపారు. ఏమీ కాలేదు. అప్పుడు వెలిగింది నాకు, టీవీ కాదు, బుద్ధి. వైఫై పెట్టెను కూడా అదే బోర్డుకు తగిలించాను! అది చచ్చాక సెన్సరు చెప్పినా, ఫోను చెప్పినా ప్లగ్గుకు మాట చేరదు. దేవుడు వరమిచ్చినా ప్లగ్గు వరమివ్వలేదు.

నేను మంచం కింద దూరి వైర్లు పీకుతుండగా, పక్కింటి ఖాసింబీ వాళ్ళ పాత టీవీలోంచి గట్టిమేళం గోడ దాటి వినిపించింది.

"ఖాసింబీ! తాళి కట్టిరా?" అని అరిచింది అవ్వ.

"ఇప్పుడే కట్టిరి అవ్వా! మీకాడ పెద్ద టీవీ ఉండాది గదా, నన్నడుగుతావేంటికి?"

ఆ ప్లగ్గును పీకేసి, బోర్డును నేరుగా గోడ సాకెట్టుకు పెట్టి లైట్లు వెలిగించేసరికి అవ్వ గుప్పిట ఇంకా బిగించే ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి. మంచం కిందే ఉండిపోతే బాగుండుననిపించింది.

"అవ్వా, వెనక్కి తిప్పి సూపిస్తా. కట్టేది మొత్తం మళ్ళా వస్తాది" అన్నాను మెల్లగా.

"జరిగిపోయిన పెండ్లిని తిప్పొచ్చా?"

"తిప్పొచ్చవ్వా."

తిప్పాను. అయ్యవారు మళ్ళీ సూత్రాలు చూపించారు, మళ్ళీ గట్టిమేళం మోగింది. ప్లగ్గు పీకేసినా భయం తీరక, ఈసారి నేను సెన్సరు ముందు నిలబడి గంగిరెద్దులా తల ఊపుతూనే ఉన్నాను. అవ్వ కళ్ళ నీళ్ళతో టీవీ మీదికి అక్షింతలు విసిరింది. తర్వాత ముద్ద పప్పన్నం తిని, చేయి కడుక్కుని, నన్ను పిలిచింది.

"పెండ్లి వెనక్కి తిప్పేది నిజమేరా. అయితే నాదీ తిప్పు. ఈసారి పిల్లోన్ని బాగా సూసి ఒప్పుకుంటా."

తాత ఉలిక్కిపడ్డాడు. "నేనేం జేస్తినే?"

"ఇన్నేండ్లలో ఏం జేయకపోతివనే!"

ఆ దెబ్బకు హాలంతా నవ్వింది. సెన్సరుకు అంత కదలిక ఆ రోజు మొత్తంలో కనబడి ఉండదు. మరునాడే నిచ్చెన వేసుకుని దాన్ని పీకేశాను.

కనుక పాఠకులారా, మీ సాక్షిగా, స్టార్టు కావడానికి రెండు నిమిషాలు తీసుకునే ఆ వైఫై పెట్టె సాక్షిగా, చెవులు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. మా ఇంట్లో మనుషులున్నారో లేరో తేల్చే అధికారం ఇక ఈ జన్మలో ఏ యంత్రానికీ ఇవ్వను. ఆ సంగతి మా అవ్వ గొంతు గోడ దాటి మరీ చెబుతుంది.