అన్నయ్య కోసం మార్చిన కార్డు

పోయిన నెల విజయనగరంలో కంటి డాక్టరు దగ్గరికి వెళితే, అక్కడి అమ్మాయి నన్ను తెల్లటి పెద్ద గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, నడుమనున్న చుక్కనే చూస్తూ పక్కల్లో ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కమంది. మన ఈడు వాళ్ళకి ఇలాంటి పరీక్షలు కొత్తేమీ కాదు గనక నేనూ చెప్పినట్టే నొక్కుతూ కూర్చున్నాను. అంతా అయ్యాక డాక్టరు కాగితం చూసి, గ్లాకోమా, అదే నీటికాసులు, ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయనీ, సమయానికి వచ్చాను గనక రోజూ చుక్కల మందు వేసుకుంటే చూపు నిలబడుతుందనీ చెప్పారు. ఆ ‘సమయానికి’ అన్న మాట వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. భయపడ్డాననుకుని ఆయన ధైర్యం చెప్పారు గానీ, నేను ఏడ్చింది నా కళ్ళ కోసం కాదు, మా అన్నయ్య కళ్ళ కోసం.

అన్నయ్య కొత్తవలస నుంచి కొండల్లోకి ఎక్కే కిరండూల్ లైనులో ఇనుప ఖనిజం గూడ్సులు నడిపిన డ్రైవరు. సొరంగాలు, వంపులు, వర్షాకాలంలో బోగీల మీదికి దిగే మబ్బులు, అన్నీ ఆయనకి మా ఇంటి వాకిలంత తెలుసు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కళ్ళ పరీక్ష పెట్టిన ప్రతిసారీ అద్దాలు లేకుండానే నెగ్గి వచ్చేవాడు, వచ్చి ఆ సంగతి వీధి వీధంతా వినిపించేలా చెప్పేవాడు. బియ్యంలో రాయి ఏరాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా మా ఇంట్లో ఆడవాళ్ళు ఆయన్నే పిలిచేవారు. మా అందరికీ దేవుడి మీద ఎంత నమ్మకమో ఆ కళ్ళ మీదా అంతే. రిటైరయ్యాక ఇక ఆ కళ్ళని పరీక్షించేవాళ్ళెవరూ లేరన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

రెండువేల పది దాటిన కొన్నాళ్ళకి రిటైరయ్యాడు. మొదటి ఆరు నెలలూ ఆయన్ని చూస్తే జాలేసేది. ఏ గూడ్సు కూత వినబడినా వాకిట్లోకి వచ్చి నిలబడి, అది ఏ ఇంజనో, ఎంత బరువుతో ఎక్కుతున్నదో ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. అప్పుడే మా మేనకోడలికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి, ఇంజనీరింగు చదివేటప్పుడు ఆటలాడుకోవడానికి ముచ్చటపడి కొనుక్కున్న కంప్యూటరు ఇంట్లోనే వదిలి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ అందులో రైలు నడిపే ఆట ఒకటి వేసి వాళ్ళ నాన్నకి నేర్పింది. ఆ తరవాత ఇంటర్నెట్టులో ఎక్కణ్ణించో, ఎవరో రైళ్ళ పిచ్చివాళ్ళు కొండలూ సొరంగాలతో సహా అచ్చం మన లైనులాగే తయారుచేసిన దారిని కూడా దింపి పంపింది. అన్నయ్యకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

నాకు గజపతినగరంలో చిన్న కంప్యూటర్ల దుకాణం ఉండేది. టైపు ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్లలోకి దిగిన దుకాణం అది. ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుందేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఆఖరికి తమ డబ్బాలు మోసుకుని నా దగ్గరికొచ్చారని అప్పట్లో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆదివారం ఆదివారం పాసింజరెక్కి కొత్తవలస వెళ్ళి అన్నయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఇంజనులో డ్రైవరూ, పక్కనుండే అసిస్టెంటూ ఎదురుగా కనబడిన సిగ్నల్‌ని ఒకరికొకరు పైకి చెప్పుకోవాలట, ఒకరు చూసి చెబితే రెండోవారు చూసి తిరిగి చెప్పాలట. ఆ రివాజుని ఆయన ఆటలోనూ వదల్లేదు. చెయ్యెత్తి ‘గ్రీన్!’ అనేవాడు, నేనూ చెయ్యెత్తి ‘గ్రీన్!’ అనేదాన్ని, వంటింట్లోంచి వదిన మా ఇద్దరినీ చూసి నవ్వేది.

అయితే ఆ దారిలో చెట్లూ కొండలూ ఎక్కువ కావడంతో పాత కంప్యూటరు మోయలేకపోయింది. వంపు వచ్చేసరికి బొమ్మ నత్తనడక నడిచేది, ఒక్కోసారి ఎక్కిళ్ళు పట్టినట్టు ఆగిపోయేది. అది నేనూ కళ్ళారా చూశాను. దానికి తోడు అన్నయ్య ఫోనులో ఇంకో ఫిర్యాదు చేసేవాడు.

“ఒసే సెల్లీ, బొమ్మ పక్కలంతా మసకేసినట్టున్నాది. సిగ్నల్ దగ్గరికొచ్చేదాకా అవుపడటం లేదు. ఈ మిసన్లో ఏటో లోపముంది, ఓపాలి సూడు.”

ఆ రెండు ఫిర్యాదుల్నీ నేను ఒకే మూట కట్టేశాను. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయింది, కొత్తది వేస్తే అన్నీ సర్దుకుంటాయని తేల్చేశాను. ఎవరైనా ముసలాయన మా దుకాణానికి వచ్చి తెర మసగ్గా ఉందంటే, ముందు కళ్ళు చూపించుకోండి తాతగారూ అని హాస్యమాడేదాన్ని, ఒకటికి పదిసార్లు ఆడాను కూడా. అన్నయ్యతో మాత్రం ఆ మాట హాస్యానికైనా నా నోటికి రాలేదు.

విశాఖ నుంచి కొత్త కార్డు తెప్పించాను. అది పాతదానికి రెండింతల పొడవుంది, పట్టడానికి హార్డ్ డిస్క్ బిగించే చట్రం ఊడదీయాల్సి వచ్చింది. కరెంటు చాలదని లోపలి పవర్ సప్లయ్ కూడా మార్చాను. ఇన్నేళ్ళ దుమ్ము బ్రష్షుతో దులిపి, ర్యామ్ ముక్కల అంచులు రబ్బరుతో రుద్ది, పొద్దున మొదలుపెడితే భోజనాల వేళయింది. అన్నయ్య అంతసేపూ పక్కనే పీట మీద కూర్చుని, నేను అడిగిన స్క్రూ అడిగినట్టు అందిస్తూ, మా సెల్లి ఇంజన్ షెడ్డులో పుట్టాల్సిందని వదినతో గొప్పలు చెబుతూనే ఉన్నాడు.

ఆట పెట్టాను. ఏమి చెప్పమంటారు, చెట్ల ఆకులు విడివిడిగా కదులుతున్నాయి, పట్టాల మీద ఎండ మెరుస్తోంది, వంపుల్లో బండి ఎక్కడా తడబడడం లేదు. వదిన తడి చేతులతోనే వచ్చి నిలబడి, “అదేటి, కొండ మీద మేకలు కూడా అవుపడతన్నాయి!” అని నోరు నొక్కుకుంది. నేను తెర వైపే చూస్తూ, బాగుందా అన్నయ్యా అని అడిగాను. ఒక క్షణం ఆలస్యంగా జవాబొచ్చింది.

“అదిరిపోనాదే. ఇప్పుడు బాగా అవుపడతంది.”

ఆ ఆదివారం నుంచి ఒక చిన్న మార్పు వచ్చింది. సిగ్నల్ ముందు నేను చెబుతున్నాను, ఆయన తిరిగి చెబుతున్నాడు. నన్ను డ్రైవరుని చేసి నువ్వు అసిస్టెంటువయ్యావేమిటని ఏడిపిస్తే నవ్వేసి ఊరుకున్నాడు. నాకు మర్యాద ఇస్తున్నాడనుకుని నేను లోలోపల పొంగిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఏడాది తిరక్కుండానే, పట్టపగలు వాకిట్లో పక్కనున్న బిందె కనబడక తన్నుకుని పడ్డాడు. విశాఖ తీసుకెళితే నీటికాసులన్నారు. పక్కచూపు అప్పటికే పోయింది, మిగిలింది నడుమ కాస్త. పోయింది తిరిగిరాదు, మసకేసిందన్న మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే చాలా నిలబెట్టేవాళ్ళమని పెద్ద డాక్టరు అన్నారు. ఆ మొదటి మాట విన్నదాన్ని నేనే.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, నన్ను చూడకుండానే అన్నయ్య అసలు సంగతి చెప్పాడు.

“కొత్త కార్డు ఏసిన రోజే తెలిసిపోనాది సెల్లీ. మీ ఇద్దరికీ అవుపడింది నాకు అవుపడలేదు. పొద్దున్నించీ నువ్వు పడ్డ కష్టం సూసి సెప్పలేకపోనాను. ఆపైన భయమేసింది. కళ్ళు పోనాయంటే నేను డ్రైవర్నేటి?”

తరవాత మందులు వేసినా మూడేళ్ళలో ఆ కాస్త చూపూ పోయింది. అయినా ఆదివారాలు మానలేదు. నేను బండి నడిపేదాన్ని, ఆయన పక్కన కూర్చుని చక్రాల చప్పుడు బట్టి సొరంగం వచ్చిందనీ, బ్రేకు వెయ్యమనీ చెప్పేవాడు. నేను ‘గ్రీన్’ అంటే, చూడని సిగ్నల్‌కి చెయ్యెత్తి ‘గ్రీన్’ అనేవాడు. కరోనాకి ముందు సంవత్సరం అన్నయ్య పోయాడు, ఆ చెయ్యి కూడా వాలిపోయింది. కంప్యూటరు వదిన నాకే ఇచ్చేసింది. దాన్ని మళ్ళీ ఒక్కసారి కూడా వెలిగించలేదు.

ఇప్పుడు అరచేతిలో పట్టే ఫోన్లలోనే ఆకుల ఈనెలు లెక్కపెట్టేంత స్పష్టంగా బొమ్మలొస్తున్నాయి. రైల్వే సిగ్నళ్ళు కూడా మునుపటిలా మినుకుమినుకుమనడం లేదు, ఎర్రటి ఎండలో సైతం దూరం నుంచే మెరుస్తున్నాయి. అన్నీ ఇంత బాగా కనబడే కాలం వచ్చింది గానీ, ఆ రోజు తెర మీంచి తల తిప్పి ఆయన ముఖం ఒక్కసారి చూసి ఉంటే నాకు అంతకన్నా ఎక్కువే కనబడేది. వదినని చూసి తిరిగొచ్చేటప్పుడు కొత్తవలస ప్లాట్‌ఫాం చివర దీపం పచ్చగా మారితే, అలవాటు కొద్దీ ‘గ్రీన్’ అని పైకే అంటాను. అని, కాసేపు ఆగుతాను.