ఠాణాకు అప్పగించిన రైఫిల్

“...నూనె రాసుడు గూడ మా డ్యూటీనేనా, సర్పంచమ్మా? తుపాకి తీసుకున్నం, రసీదు ఇచ్చినం, మల్ల నీ చేతిల పెడుతున్నం.”

“వానలల్ల నలభై రోజులు తడి గోనెసంచిల చుట్టి పెట్టిన్రు, హన్మయ్యన్నా. ఒక్క మాట చెప్తే నేనే వచ్చి తుడుసుకుందును.”

“ఎలచ్చన్లల నిలబడ్డ మనిషికి తుపాకి అందిస్తే, ఎస్సై సాబు నా తుపాకి గుంజుకుంటుండె.”

కానిస్టేబుల్ హన్మయ్య అందించిన రైఫిల్ బ్యారెల్‌ను ప్రియ ఠాణా కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. అద్దంలా మెరవాల్సిన లోపలి భాగం నిండా ఎర్రటి తుప్పు మచ్చలు.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలి. క్రీడాకారులకు మినహాయింపు ఉంటుంది. కానీ 2006 పంచాయతీ ఎన్నికల్లో ప్రియ అభ్యర్థి కూడా కావడంతో ఆమెకు అది దక్కలేదు.

ఆమె తండ్రి శాంతయ్య మొయినాబాద్ దగ్గర ఒక రిటైర్డ్ మేజర్ ఫామ్‌హౌస్‌లో తోటమాలి. ప్రియకు గురి నేర్పింది ఆ మేజరే. రాష్ట్ర పోటీల్లో ఆమెకు రెండు పతకాలు వచ్చాక తన రైఫిల్‌ను ఆమె పేరు మీదికి మార్పించాడు. ఆయన పోగానే కొడుకులు ఫామ్‌హౌస్ అమ్మేశారు. ప్రియకు దగ్గర్లో సాధన చేసే చోటు లేకుండా పోయింది.

అప్పుడే ఊరి సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వయింది. పార్టీ నాయకుడు నాగేందర్ ఇంటికొచ్చి, “పేపర్ల ఫొటో పడ్డ పిల్లవు. గెలువు చెల్లె, సర్కారు భూమిల ఐదెకరాలు షూటింగ్ రేంజ్‌కు ఇప్పిస్త,” అన్నాడు. ఆ ఐదెకరాల కోసమే నిలబడింది. నలభై ఒక్క ఓట్లతో గెలిచింది.

ఠాణా నుంచి తెచ్చిన రైఫిల్‌ను రెండు రోజులు తోమినా తుప్పు మరకలు పోలేదు. నగరంలోని రేంజ్‌లో పది తూటాలు కాల్చి చూసింది. ఒకప్పుడు రూపాయి బిళ్లంత చోట పడేవి, ఇప్పుడు కాగితమంతా చెదిరాయి. శుక్రవారం జాతీయ జట్టు ట్రయల్స్. అక్కడి కోచ్ తన రైఫిల్ ఇస్తానన్నాడు.

ఆ సాయంత్రం నాగేందర్ వచ్చాడు.

“చెల్లె, ఆ ఐదెకరాలల్లకెల్లి విల్లాలోళ్లకు రోడ్డు పోవాలె. సాఫ్ట్‌వేరోళ్లు మోకిల ఊరు దాటి ఇటే వస్తున్నరు. శుక్రవారం పంచాయతీ మీటింగు పెడదాం. తీర్మానం మీద నీ సంతకం కావాలె.”

“మరి రేంజు?”

“సర్పంచువైనవ్. ఇంక తుపాకెందుకు? పెద్ద పదవులకు పోయేదానివి.”

పక్కన కూర్చున్న ప్రియ తమ్ముడు నతానియేలు నవ్వాడు. “అక్కకు ఇప్పుడు గన్‌మెన్ వస్తడే, అన్నా.”

శాంతయ్య గడప మీద తల వంచుకుని కూర్చున్నాడు. ప్రియ మూలనున్న రైఫిల్‌ను తీసి గోనెసంచిలో చుట్టింది.

“మీటింగు శుక్రవారమే పెట్టున్రి,” అంది ప్రియ. “మీరు గెలిపిస్తేనే సర్పంచునైన, కాదంటే ఊర్ల నిలువనిస్తరా? ట్రయల్స్‌కు పోతలేను. సంతకం చేస్త.”