డబ్బా మీద రాయని సంగతి

మా అన్న పోయాడు. పోయిన ఆదివారం పొద్దున, నిజామాబాద్ ఆసుపత్రిలో, ఊపిరి అందక. బోధన్‌లో ఆయన దగ్గర పురుగుమందులు కొనే రైతుల్లో చాలామందికి కబురింకా చేరలేదు. మూసిన షట్టర్ చూసి నాకు ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అన్న అమ్మింది విషం. ఆ మాట ఆయనే అనేవాడు. డబ్బా చేతికిచ్చే ముందు దాని మీది రంగు త్రికోణం చూపించి పాఠం చెప్పనిదే ఎవరినీ వదిలేవాడు కాదు.

"ఎర్రది కొంచెం లోపలికి పోయినా పానం తీస్తది. పసుపుది దాని తమ్ముడు. నీలం జర నయం. ఆకుపచ్చ సూసి దోస్తు అనుకోకు, గది గూడ విషమే."

తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవారు. "పురుగు సావాలె గని గీ ముచ్చటంత ఎందుకన్నా?"

"గా రంగు పురుగు కోసం కాదు, నీ కోసం ఏసిన్రు," అనేవాడు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇదే పాఠం వచ్చీరాని మరాఠీలో. అది వింటే నాకు నవ్వాగేది కాదు.

మా వైపు ఒక పాడు అలవాటుంది. పెద్ద డబ్బా ఒకరు కొంటే నలుగురు పంచుకుంటారు, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసుకుని. త్రికోణం మాత్రం డబ్బాతోపాటు ఒకరింట్లోనే ఉండిపోతుంది. పేరు లేని ఆ సీసాలు తర్వాత దుకాణానికి వచ్చేవి. "గిదేం మందో సూడన్నా." అన్న మూత తీసి, పీల్చి, పేరు చెప్పేవాడు. ఎన్నడూ తప్పలేదు.

"ఊరందరికీ బుద్ధులు చెప్తవు, నీకు లేదా?" అని తిట్టేదాన్ని.

"ఒక్కపారికి ఏమైతది చెల్లె," అని నవ్వేవాడు. ఆ ఒక్కపారి రోజుకు ఎన్నిసార్లో!

తర్వాత తిట్టడం మానేశాను. ఎందుకంటే, రెంజల్ దగ్గర మా చెరుకుకు మందు కొడుతూ మా ఆయన గట్టు మీద పడిపోయాడు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. ఆయన కొట్టిన మందు పక్క చేనువాళ్లు పేరు లేని సీసాలో పోసిచ్చింది. ఆటోలో వేసుకుని బోధన్ చేరి, సీసా అన్న చేతిలో పెట్టాను. పీల్చాడు. అనుమానం తీరక మళ్లీ పీల్చాడు, లోతుగా. "ఎర్రదే!" అంటూ చీటీ మీద పేరు రాసి, మాతోపాటే ఆటో ఎక్కాడు. ఆసుపత్రిలో చీటీ చూసి వెంటనే విరుగుడు ఎక్కించారు. మా ఆయన బతికాడు.

చివరి రోజుల్లో అన్నను చూసిన డాక్టర్, రోజూ ఏమేం పీల్చేవారని అడిగాడు.

"అన్నీ, సార్," అన్నాడు అన్న.

"దీనికి ఏ రంగు సార్?" అని నేనడిగాను.

"ఆ రంగులు ఒక్కసారికి ఎంత పోతే ప్రాణం మీదికొస్తుందో చెప్తాయమ్మా. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పీలిస్తే ఏమవుతుందో చెప్పవు. దీనివల్లే అని నేనూ చెప్పలేను."

ఆయన చెప్పలేడు. నా మనసు మాత్రం ఊరుకోవడం లేదు. అన్న పీల్చినవాటిలో అన్నిటికన్నా లోతుగా పీల్చింది నేనిచ్చిందే. ఆ రోజే మళ్లీ వస్తే మళ్లీ ఇస్తాను. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

కాటి నుంచి వచ్చినప్పటి నుంచి మా ఆయన రాత్రుళ్లు సరిగా పడుకోవడం లేదు. మధ్యాహ్నం మంచం మీద వాలి నిద్రపోతున్నాడు. నేను పక్కన కూర్చుని, ఆయన ఛాతీ పైకి లేవడం, కిందికి దిగడం చూస్తున్నాను.